మనసు విప్పమంటారు, తలుపు మాత్రం మూయరు

మా బొగ్గుబాయి కాలనీల్లో కౌన్సెలింగ్ అన్న మాటకు ఒకే అర్థం స్థిరపడిపోయింది. మొగుడు కొట్టాడని ఆడమనిషి ఠాణా మెట్లెక్కితే ఇరువైపుల పెద్దమనుషుల్ని పిలిపిస్తారు. ఆమెను నలుగురి మధ్య నిలబెట్టి ఏం జరిగిందో చెప్పమంటారు. ఆమె చెబుతుంది. అంతా విని, "ఏ ఇంట్ల లేవమ్మా కొట్లాటలు, జెర సర్దుకపోవాలె" అంటారు. ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకుంటారు. కౌన్సెలింగ్ జరిగిందని రాసుకుంటారు. ఇందులో ఎవరి మనసును ఎవరు విన్నారో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

నస్పూర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా మహిళా సంఘం పనిలో ఉన్నదాన్ని. ఇలాంటి కౌన్సెలింగులు ఎన్ని చూశానో లెక్కలేదు. ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. కొన్నేళ్ళ కింద ఒక అమ్మాయికి తోడుగా వెళ్ళాను. ఏ ఊళ్ళో, ఏ ఆఫీసులో అన్నది చెప్పను. చెబితే ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. నలుగురి ముందు నోరు విప్పకపోతే, కౌన్సెలర్‌నని చెప్పుకున్న ఒకామె పక్క గదిలోకి తీసుకుపోయింది. "నన్ను అక్క అనుకో, మనసులున్నదంత చెప్పు" అంది. అమ్మాయి నా వైపు చూసింది. "చెప్పు బిడ్డా, ఏం కాదు" అన్నాను నేనే.

చెప్పింది. పెళ్ళయిన నాటి నుంచి చీకటి పడితే గుండెదడ అనీ, రెండో కాన్పు తర్వాత నిద్ర పట్టక ఎవరికీ తెలియకుండా డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్నాననీ చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. బయటికి రాగానే ఆ 'అక్క' అత్తమామల ముందు అన్న మాట ఇది: "ఈమెకు నిద్ర లేదట, మాత్రలు మింగుతుందట, మీరు గూడ జెర మంచిగ చూసుకోవాలె." తాను మంచే చేశానని ఆమె అనుకుంది. ఇప్పటికీ అలాగే అనుకుంటూ ఉండవచ్చు. వారం తిరగకుండా క్వార్టర్ల వరుసంతా ఆ అమ్మాయికి 'పిచ్చిది' అన్న పేరు పడింది. మూడో నెలలో లాయరు నోటీసు వచ్చింది. విడాకులకు అందులో చెప్పిన మొదటి కారణం మతిస్థిమితం లేకపోవడం. పెళ్ళికి ముందే ఆ సంగతి దాచారని ఆరోపణ.

"కడుపు చించుకుంటె కాళ్ల మీదనే పడ్డది గదా అక్కా" అంది ఆ అమ్మాయి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మన సామెతల్ని మూఢత్వమని కొట్టిపారేయడం సంఘాల్లో పనిచేసే మనకు అలవాటు. ఈ సామెత మూఢత్వం కాదు. చెప్పుకుని చెడిపోయిన ఆడవాళ్ళ అనుభవం అందులో ఉంది. ఇంకొకటి ఉంది: ఇంటి గుట్టు లంకకు చేటు. లంక చెడింది గుట్టు బయటపడినందుకా, రావణుడు చేసిన పనికా అని ఎవరూ అడగరు. ఒక సామెత మనం నేర్చుకున్న జాగ్రత్త, రెండోది మనకు వేసిన తాళం. రెంటినీ కలిపేసి, "ఆడవాళ్ళు సిగ్గుపడతారు, మనసు విప్పరు, చైతన్యం లేదు" అని ఉపన్యాసాలిచ్చే వాళ్ళ మీదే నా పోట్లాట.

ఏటా అక్టోబరు 10 వస్తుంది, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. బ్యానర్లు కడతారు. మనసు విప్పి మాట్లాడండి, సంకోచం వద్దు, ధైర్యంగా చెప్పండి అంటారు. ఎవరి ముందు చెప్పాలి? విన్నవాడు దాన్ని ఎక్కడ రాస్తాడు? ఆ కాగితం ఎవరి బీరువాలో ఉంటుంది? రేపు నా మొగుడు వచ్చి అడిగితే ఇస్తారా? బ్యానరులో వీటికి చోటు లేదు. ధైర్యం మాత్రం మన వంతు.

మా ఊరి వాళ్ళకు అర్థమయ్యే మాట చెబుతాను. భూగర్భ బాయిలో పనిచేసేవాడు కొత్తగా తవ్విన చోటికి నేరుగా దూరిపోడు. సర్దార్ ముందు కర్రతో పైకప్పు కొట్టి చూస్తాడు. మోతను బట్టి బండ గట్టిగా ఉందో, గుల్లబారిందో పసిగడతాడు. సపోర్టులు పెట్టి, పైకప్పుకు బోల్టులు బిగించిన తర్వాతే మనిషి దాని కింద నిలబడతాడు. సపోర్టు లేని కప్పు కిందికి పోనన్న కార్మికుణ్ణి పిరికివాడని ఏ యూనియనూ అనలేదు. అది అతని హక్కు, ఏర్పాట్లు చేయడం యాజమాన్యం బాధ్యత అని పోరాడాయి. మరి తన బతుకులో అన్నిటికంటే పచ్చిగా ఉన్న పుండును ఒక పరాయి మనిషి ముందు విప్పాల్సిన ఆడదానికి మాత్రం ఏ సపోర్టూ పెట్టకుండా "ధైర్యంగా దూరు" అంటామా? ఆమె మొదట మోకాళ్ళ నొప్పి గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడుతుందంటే కర్రతో కప్పు కొట్టి చూస్తోందని అర్థం. ఆ మోత వినే ఓపిక ఎదుటి మనిషికి ఉండాలి.

ఈ సపోర్టులు చట్టంలో లేవా అంటే, కొన్ని ఉన్నాయి. మన దాకా రాలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 23వ సెక్షన్ ప్రకారం వైద్యం చేసేవాళ్ళు మన మానసిక ఆరోగ్యం గురించి, చికిత్స గురించి తెలిసినది రహస్యంగా ఉంచి తీరాలి. మినహాయింపులున్నాయి: ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరిగేటప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలా కొన్ని. ఆ మినహాయింపుల్లో ఒకటి మనం కళ్ళు పెద్దవి చేసుకుని చదవాలి. 'నామినేటెడ్ ప్రతినిధి'కి సమాచారం చెప్పవచ్చు. ఎవరీ ప్రతినిధి? 14వ సెక్షన్ ప్రకారం మనకు నచ్చిన పెద్దమనిషిని, అంటే మైనరు కాని, బాధ్యత మోయగల, ఒప్పుకున్న ఏ వ్యక్తినైనా మనమే పెట్టుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాలి, సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మనం ఎవరినీ పెట్టుకోకపోతే చట్టం తన వరుసలో తాను పోతుంది: ముందు బంధువు, తర్వాత సంరక్షకుడు. మన ఇళ్ళలో ఆ 'బంధువు' ఎవరై ఉంటాడో చెప్పాలా? ఎవరి వల్ల మనకు నిద్ర పట్టడం లేదో ఆ మనిషే మన ప్రతినిధి అయ్యే ప్రమాదం ఉంది. మన జబ్బేమిటో, వైద్యమేమిటో అడిగి తెలుసుకునే హక్కు ఆ ప్రతినిధికి ఉంటుంది. చెల్లెలి పేరో, స్నేహితురాలి పేరో ఒక్క తెల్లకాగితం మీద రాసి ఉంటే ఇది ఆగుతుంది. ఈ సంగతి ఏ బ్యానరు మీదా నేను చూడలేదు.

అదే చట్టంలో 3వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఎవరికైనా మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనివారని అర్థం కాదు. ఆ మాట చెప్పాల్సింది కోర్టు. గతంలో చికిత్స తీసుకున్నారన్నది ఒక్కటే ఇప్పటి స్థితికి రుజువు కాదు. మరి లాయరు నోటీసు ఎందుకొచ్చింది? 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్లో నయం కాని మతిభ్రమణను విడాకులకు కారణంగా చూపే వీలుంది కాబట్టి. మాత్రల చీటీ దొరికితే చాలు, దాన్ని ఆ సెక్షన్లో ఇరికించబోతారు. అయితే చీటీ చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. జబ్బు పేరు ఒక్కటే సరిపోదు, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉందని రుజువు కావాలంది. 2013లో మన తెలుగు దంపతుల కేసులోనే మళ్ళీ చెప్పింది. ఇద్దరూ డాక్టర్లే. భార్యకు స్కిజోఫ్రెనియా ఉందని భర్త విడాకులడిగాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. ఆమె వైద్యవిద్య పూర్తిచేసి, పై చదువు చదివి, ప్రభుత్వ డాక్టరుగా పనిచేస్తూ ఉందని కోర్టు గుర్తించింది. జబ్బన్నది వైద్యంతో అదుపులో ఉండేదని చెప్పింది. పెళ్ళయింది 1995లో, తీర్పు వచ్చింది 2013లో. డాక్టరు చదివిన ఆడమనిషికే ఇన్నేళ్ళు పట్టింది. క్వార్టరు తప్ప దిక్కులేని మా అమ్మాయి ఎన్నేళ్ళు నిలబడగలదు?

ఠాణా కౌన్సెలింగులకు ఇవేవీ వర్తించవని కొందరంటారు. అది వైద్యం కాదు కదా అంటారు. సరే, గృహహింస చట్టం సంగతి చూద్దాం. 2005 చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగుకు పంపవచ్చు. దానికి 2006లో వచ్చిన నియమాలు ఏమంటున్నాయి? కౌన్సెలరు ఇరుపక్షాల్లో ఎవరికీ బంధువు కాకూడదు, వీలైనంత వరకు స్త్రీ అయి ఉండాలి. అన్నిటికంటే మించి, చేసిన హింసకు సాకులు చెప్పుకోవడానికి మగవాణ్ణి అనుమతించకూడదు, ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి తెలియజేయాలి. "అది నోరు పారేసుకుంది, అందుకే చెయ్యి చేసుకున్న" అన్న వాక్యమే ఆ గదిలో చెల్లదు. ఈ నియమం తెలిసిన పెద్దమనిషిని ఇంతవరకు ఒక్కణ్ణి కూడా మా పంచాయితీల్లో చూడలేదు.

మా ప్రాంతానికే ప్రత్యేకమైన భయం ఇంకొకటి ఉంది. బాయిలో పనిచేసే మనిషి పోతే అతని మీద ఆధారపడిన వాళ్ళకు ఉద్యోగమో, నెలనెలా పైకమో వస్తుంది. భర్త చనిపోయిన పడుచు పిల్ల చుట్టూ ఆ ఉద్యోగం కోసం ఎన్ని కళ్ళు తిరుగుతాయో బొగ్గుబాయిల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అత్తింటివాళ్ళు ఒక పక్క, పుట్టింటివాళ్ళు ఇంకో పక్క. మరిదికి ఇచ్చి చేయమనేవాళ్ళు ఒకరు, సంతకం పెట్టమనేవాళ్ళు ఒకరు. అలాంటి పిల్ల ఒకతె నన్ను అడిగింది: "మనసు డాక్టరు దగ్గరికి పోతే రేపు మెడికల్ల అన్‌ఫిట్ అంటరా అక్కా?" ఆమెకు ఏడుపు రావడం లేదు, అన్నం పోవడం లేదు, మనిషి కట్టెలా అయిపోయింది. అయినా ముందు ఆ ప్రశ్న. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. అన్నం పెట్టే కాగితాన్ని కాపాడుకుంటున్న మనిషి అడగాల్సిన ప్రశ్న. దానికి ముందుగా, స్పష్టంగా, రాతపూర్వకంగా జవాబు చెప్పకుండా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి "ఓపెన్‌గా ఉండమ్మా" అనడం అన్యాయం.

ఫోన్ ఉంది కదా అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలిమానస్ పెట్టింది, 14416. ఇరవై నాలుగ్గంటలూ, ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. మంచి పనే, వాడుకోండి. అంతకు ముందు నుంచే 2006లో మొదలైన భూమిక హెల్ప్‌లైన్ లాంటివి ఆడవాళ్ళ గోడు వింటూ వచ్చాయి. కానీ రెండు గదుల క్వార్టరులో, పక్కింటి దగ్గు కూడా వినిపించే గోడ పక్కన, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మొగుడు పడుకుని ఉండగా, అతని పేరు మీదున్న సెల్‌ఫోన్లో ఆమె ఎక్కడ నిలబడి మాట్లాడాలి? మాకు తెలిసిన ఒకామె నీళ్ళ ట్యాంకు పక్కకు పోయి మాట్లాడేది. ఎవరితో మాట్లాడుతోందని వాడకట్టంతా వేరే కథ అల్లింది.

ఈ పేచీ మన ఒక్కళ్ళదీ కాదు, ఇప్పటిదీ కాదు. మాటలతో మనసుకు వైద్యం చేయడం మొదలైన నాడే ఇది మొదలైంది. 1880లో వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి మంచాన పడిన తండ్రికి సేవ చేస్తూ తాను జబ్బుపడింది. బ్రాయర్ అనే డాక్టరు రోజూ వచ్చి ఆమె చెప్పేది వినేవాడు. ఈ పద్ధతికి 'మాటల వైద్యం' అని పేరు పెట్టింది డాక్టరు కాదు, ఆమే. నవ్వులాటకు ఇంకో పేరు కూడా పెట్టింది: పొగగొట్టం మసి దులపడం. మసి సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు! 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి రాసిన పుస్తకంలో ఆమె కథను 'అన్నా ఓ' అన్న మారుపేరుతో అచ్చువేశారు. ఆ వైద్యంతోనే ఆమెకు నయమైపోయిందన్నది నిజం కాదు. తర్వాత కూడా ఆసుపత్రుల్లో ఉంది. కానీ లేచి నిలబడింది. స్త్రీల హక్కుల మీద మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన పుస్తకాన్ని 1899లో జర్మనులోకి అనువదించింది. 1904లో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది. ఆడపిల్లల అమ్మకాలకు వ్యతిరేకంగా, పెళ్ళికాని తల్లుల ఆశ్రయం కోసం పనిచేసింది. 1936లో చనిపోయింది. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్, 'అన్నా ఓ' అంటే ఫలానా ఆమేనని అసలు పేరు అచ్చువేసేశాడు. ఎవర్నడిగి? అడగడానికి ఆమె లేదు. ఇప్పుడు ఆ పేరును నేనూ రాశాను. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. ఆమెను రోగిగా కాక మన ముందు తరం కార్యకర్తగా చెప్పుకోవాలనిపించి రాశాను. ఇది సాకేనని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను.

ఫ్రాయిడ్ దగ్గరికే 1900లో పద్దెనిమిదేళ్ళ ఇంకో అమ్మాయిని ఆమె తండ్రి తీసుకొచ్చాడు. ఆ తండ్రి స్నేహితుడు ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి మీద పడుతున్నాడు. ఆ స్నేహితుడి భార్యతో తండ్రికి సంబంధం ఉంది. నా మాట నమ్మండి అంది అమ్మాయి. జరిగింది నిజమేనని ఒప్పుకుంటూనే, ఆ మగవాడి మీద నీకూ మనసుంది, అసహ్యపడటమే నీ జబ్బు అన్నాడు డాక్టరు. పదకొండు వారాలు చూసి, డిసెంబరు 31న ఇక రానని చెప్పి వెళ్ళిపోయింది. అది తన మీద పగ తీర్చుకోవడమని ఆయన రాసుకున్నాడు. మనసు విప్పలేదని మనల్ని తప్పుపట్టేవాళ్ళు ఈ అమ్మాయిని గుర్తుంచుకోవాలి. లేచిపోవడం కూడా ఒక హక్కే.

ఇంత చెప్పి, మానసిక చికిత్స మనకు వద్దని నేను అనడం లేదు. ఆ మాట అనేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. "ఇవన్నీ పైసలున్నోళ్ల రోగాలు, మన కష్టాలకు కారణం వ్యవస్థ, కూసోని ఏడిస్తె వ్యవస్థ మారుతదా" అని ఒక సభలో ఒక పెద్దాయన అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు కొట్టను. వ్యవస్థ దెబ్బ తగిలేది మనిషికే. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకుని మరీ ధర్నాకు పోతాం, విరిచినవాడి మీద కేసు తేలేదాకా కట్టు వద్దనం. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, కుంగుబాటు, ఆందోళన లాంటి సాధారణ సమస్యలున్నవాళ్ళలో ప్రతి 10 మందిలో 8 మందికి పైగా ఏ చికిత్సా అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. మన లెక్కే ఎవరూ తీయలేదు. పైసలున్నోళ్ళ రోగమని మనమే అంటే ఇక ఎవరు తీస్తారు?

నా సంగతి చెప్పాలి. ఇంత రాసి అది దాచడం న్యాయం కాదు.

ఆ అమ్మాయి నోటీసు తర్వాత నాకు చేతులు వణకడం మొదలైంది. పంచాయితీ అంటే కడుపులో తిప్పేది. "చెప్పు బిడ్డా, ఏం కాదు" అన్న నా గొంతే నాకు వినిపించేది. ఏడాదిపాటు థైరాయిడ్ అనీ, బీపీ అనీ తిరిగాను. చివరికి ఎవరికీ తెలియకుండా బస్సెక్కి, గోదావరి అవతల ఒక ఊళ్ళో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. మా వాళ్ళెవరూ చూడకూడదని అవతలి ఒడ్డు ఎంచుకున్నాను. అందరికీ ధైర్యం చెప్పే నాయకురాలి ధైర్యం అంతే.

మొదటి రోజు ఆమె నన్నేమీ అడగలేదు. తలుపు వేసింది. ఫోను ఆపి సొరుగులో పెట్టింది. తాను ఏం రాసుకుంటుందో, అది ఎక్కడ ఉంటుందో, ఎలాంటి పరిస్థితిలో మాత్రమే బయట చెప్పాల్సి వస్తుందో ఒక్కొక్కటీ చెప్పింది. "మీకు చెప్పాలని లేనిది చెప్పకండి, ఎందుకు చెప్పలేదని అడగను" అంది. నేను మూడు వారాలు మోకాళ్ళ నొప్పి గురించే మాట్లాడాను. నాలుగో వారం, మీరు రాసింది చూపించండి అన్నాను, ఒక రకంగా పోట్లాటకే. నోటుబుక్కు నా వైపు తిప్పింది. మోకాళ్ళ గురించి నాలుగు లైన్లు, కింద 'ఇంకా పరీక్షిస్తున్నారు' అని ఉంది. నవ్వొచ్చింది.

తర్వాత ఒకరోజు నేను మాట్లాడుతుంటే ఆమె గోడ గడియారం వైపు చూసింది. అంతే, నోరు మూతపడింది. ఇంటికొచ్చి ఇక పోవద్దనుకున్నాను. పోయాను. "మీరు గడియారం చూసిండ్రు, నాకు కష్టమనిపించింది" అని చెప్పాను. ఆ మాట అనడానికి ఎన్నో పోలీసు లాఠీల ముందు నిలబడిన దాని కంటే ఎక్కువ చెమట పట్టింది. ఆమె సమర్థించుకోలేదు. "నిజమే, చూశాను, మీకు అలా అనిపించడం సబబే" అంది. నా జీవితంలో నా ఫిర్యాదుకు ఎవరూ సాకు చెప్పకుండా జవాబివ్వడం అదే మొదలు. ఆ రోజు చెప్పాను: పెళ్ళయిన మొదటి ఆరేళ్ళు నా భర్త నన్ను కొట్టేవాడని. అందులో చివరి మూడేళ్ళు నేను సంఘంలో ఉన్నాను. పగలు ఇంకొకరి మొగుణ్ణి నిలదీసి, రాత్రి నేను దెబ్బలు తిన్నాను. తర్వాత మానేశాడు. నేనే మాన్పించానని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, కాలు విరిగి ఓపిక తగ్గి మానేశాడు.

సంఘంలో ఎవరికీ ఎందుకు చెప్పలేదు? మీరు నమ్మరని కాదు. మన పాటల్లో, మన పోస్టర్లలో ఆడది పిడికిలి ఎత్తి ఉంటుంది. ఎత్తిన పిడికిలి విప్పి అరచేతిలో దెబ్బ చూపించే చోటు మన ఆఫీసుల్లో లేదు. బలంగా ఉండు అన్న మాట మొగుడు అన్నా, అత్త అన్నా మనం తప్పుపడతాం, సంఘం అంటే చప్పట్లు కొడతాం. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ బతుకుల్లో ఏం మోశారో, ఏం పోగొట్టుకున్నారో, 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా మనకు తెలియదు. మూడు దశాబ్దాలు దాటాక కొందరు ఆడవాళ్ళు వచ్చి, పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా అడిగారు, విన్నారు. అప్పుడు చెప్పారు. అంతవరకు వాళ్ళు మాట్లాడలేని పిరికివాళ్ళా?

కాబట్టి నాకు కావలసింది ఇది. ప్రతి సఖి కేంద్రంలో, ప్రతి జిల్లా ఆసుపత్రిలో మాట్లాడే గదికి తలుపు ఉండాలి, అది మూసుకోవాలి. ఆమె నోరు విప్పక ముందే రహస్యం గురించి, మినహాయింపుల గురించి తెలుగులో చెప్పాలి, రాసి చేతికివ్వాలి. ప్రతినిధిని తానే పెట్టుకోవచ్చని ఆమెతో వచ్చిన మొగుడికి కాదు, ఆమెకు చెప్పాలి. ఠాణాల్లో జరిగేదాన్ని కౌన్సెలింగ్ అనడం మానేయాలి. దాన్ని రాజీ పంచాయితీ అనండి, కనీసం పేరైనా నిజమవుతుంది. ఇవి దయతో ఇచ్చేవి కావు, ఎక్కువ భాగం ఇప్పటికే చట్టంలో ఉన్నవే.

ఇక మన ఇంటి సంగతి. మా సంఘం ఆఫీసులో బల్ల మీద ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. వచ్చిన ప్రతి ఆడమనిషి పేరు, మొగుడి పేరు, క్వార్టరు నంబరు, ఆమె చెప్పిందంతా అందులో నిండుగా రాస్తాం. నెలవారీ సమావేశంలో చదువుతాం. ఛాయ్ తెచ్చే పిల్లవాడు కూడా వింటాడు. ఇందులోంచే కొన్ని కథలు ఊరి పేరుతో సహా ఇలాంటి పత్రికలకు పంపాం, నా చేత్తో నేనే పంపాను. ఆ 'అక్క'ను ఇన్నాళ్ళు తిట్టుకున్నాను. మా రిజిస్టరు ఆమె కంటే ఏం తక్కువ?

పోయిన నెల సమావేశంలో ఈ మాట పెట్టాను. పేర్ల బదులు నంబర్లు రాద్దామని, రిజిస్టరు తాళంలో పెడదామని, చదివే ముందు ఆమెను అడుగుదామని అన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకామె, మా అందరికంటే సీనియర్, "పేర్లు లేకపోతె రేపు కలెక్టరాఫీసు ముందట ఏం చూపెడ్తవ్? అంత కట్టుకథ అంటరు" అంది. ఆమె మాటలోనూ న్యాయముంది. రెండు గంటలు వాదించుకున్నాం, తేలలేదు. అప్పటికి ఒక్కటి మాత్రం చేశాం. ఆఫీసు వెనక సామాన్ల గది ఖాళీ చేసి రెండు కుర్చీలు వేశాం. తలుపుకు లోపలి గొళ్ళెం లేదు, వడ్రంగికి చెప్పాం. రిజిస్టరు సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడింది.